ఆ రోజు వేసిన ముడి

ఏటి ఒడ్డు వేసవి మకాం, సగ్సాయ్
జూన్ 4

అక్కా,

మందా మేమూ క్షేమం. నువ్వూ, నీ హాస్టల్ వంటశాలా, నీ పెద్ద పెద్ద డేగిసాలూ క్షేమమని తలుస్తాను. ఉన్ని లారీ డ్రైవరు బయట టీ తాగుతున్నాడు. అతను లేచేలోపు ముగించాలి కాబట్టి అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉంటే తిట్టకు.

మేము మళ్ళీ ఏటి ఒడ్డుకే వచ్చాం. ఈ ఏడు వేరే చోటు ఇప్పించమని మీ మరిది మా బృందం పెద్దను అడిగారు. “గడ్డి ఎక్కడుంటే గుడారం అక్కడే. ఏం తిలేఖాన్, ఏరు నీ ఒక్కడికే ఉందా?” అన్నాడట. తలుపు ఏటివైపు వద్దని నేను పేచీ పెట్టాను. అత్తగారు నవ్వారు. “తలుపు పొద్దు పొడిచే వైపే ఉండాలమ్మా. నీ భయం కోసం సూర్యుణ్ణి తిప్పమంటావా?” అన్నారు. కాబట్టి తలుపు తీస్తే ఏరే. మంచు కరిగి నిండుగా పారుతోంది. పాలు పితికేటప్పుడు చెంబులో ధార చప్పుడు కంటే అదే ఎక్కువ వినిపిస్తుంది.

తుర్సిన్‌కి పద్నాలుగు నెలలు నిండాయి. పైన నాలుగు పళ్ళు, కింద రెండు. వాటితో ఇంతవరకు కొరికినవి: మంచం కోడు, అత్తగారి బొటనవేలు, ముసలి కుక్క చెవి. కుక్క ఏమీ అనలేదు, అత్తగారు అన్నారు. నిన్న పిడకల బుట్ట బోర్లించి దాని కింద దూరి కూర్చుంది. పిల్ల ఏదని నేను ఊపిరి బిగబట్టి వెతుకుతుంటే బుట్ట కిలకిలా నవ్వింది. తాడు పట్టుకుపోతే దొరికేదే, ఆ క్షణంలో అదీ తట్టలేదు. నాకు నవ్వు రాలేదు అక్కా. బుట్ట లేపి ముళ్ళన్నీ మళ్ళీ తడిమి చూశాను.

తాడు సంగతి చెప్పాలి. మా బాబు ఆల్మాస్‌కి కట్టిన తాడు కాదు. దాన్ని ఆయన ఎక్కడ పారేశారో నేను అడగలేదు. ఇది మేక వెంట్రుకలతో నేనే పేనాను. నడుముకు మెత్తటి గుడ్డ, దాని మీద తాడు, ముడి వీపువైపు, రెండో కొస మంచం కోడుకి. మొదట రెండు బారలుండేది, ఇక్కడికి వచ్చాక ఒకటిన్నర చేశాను. పొయ్యి అందదు, తలుపు అందదు. పాలకు వెళ్ళేముందు మూడు ముళ్ళు వేస్తాను, తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చి నాలుగోది వేస్తాను.

ఒక్కటి అడుగుతాను, చెప్పు. ఆ రోజు నేను వేసిన ముడి ఏది? బయటినుంచి గుర్రాల దగ్గరికి రమ్మని ఆయన కేకేస్తున్నారు, తొందరలో ఏదో వేశాను. గుర్రానికి వేసేదా, ఒంటె మీద సామానుకి వేసేదా, చేతికొచ్చిన పిచ్చిముడా? గుర్తు లేదు. రెండేళ్ళుగా ఆ చేతుల్ని కళ్ళముందు పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. సరిగ్గా ముడి దగ్గరికి వచ్చేసరికి చూపు మసకబారుతుంది. నువ్వు పిడకలు తెచ్చుకుని లోపలికి వచ్చేసరికి తాడు నేలమీద పడి ఉందన్నావు కదా. కొస ఎలా ఉందో చూసే ఉంటావు. నా ముడి ఊడబట్టే కదా నా కొడుకు తలుపు దాటి ఏట్లోకి పోయాడు. ఊడింది ఏ ముడో తెలిస్తే దాన్ని జన్మలో వెయ్యను.

ఆ రోజు నుంచి నాకు స్పష్టంగా మిగిలింది ఒక్కటే. నీ కుడి బొటనవేలి గోరు చీలి రక్తం కారుతోంది. అంతమంది ఏడుస్తుంటే నేను గుడ్డ చింపి నీ వేలికి కట్టు కట్టాను. పిచ్చిదాన్ని కదూ.

వెన్న తీయడానికి మనిషి కావాలి. రాకూడదూ? రెండు వేసవులైంది నువ్వు వచ్చి.

నీ చెల్లెలు
బల్ఖియా


ఉల్గీ పట్నం
జూన్ 19

చెల్లీ బల్ఖియా,

నేను క్షేమం. నా మందలో ఎనభై మంది పిల్లలు, అందరూ సెలవులకి ఎవరి గుడారాలకి వాళ్ళు పోయారు. వంటశాలకి సున్నం వేయిస్తున్నారు. జుట్టంతా తెల్లబడి పోయింది, సున్నం కడిగినా సగం పోలేదు, అది వయసు కాబోలు. ఇవన్నీ వదిలేసి ఎలా రాను? వచ్చే ఏడు చూద్దాం.

ఆరు పళ్ళకే కుక్క చెవి కొరికిందంటే మొత్తం వస్తే మీ బృందం పెద్దను కొరకమని చెప్పు. తూ తూ, నా దిష్టే తగిలేను. పళ్ళు వచ్చేటప్పుడు ఎండు పెరుగు ఉండ ఇచ్చి చప్పరించనీ, చిగుళ్ళ దురద తగ్గుతుంది. మరీ చిన్న ఉండ ఇవ్వకు, గొంతులో పడుతుంది. పెద్దదీ ఇవ్వకు. పిల్ల పిడికిలంత ఉండాలి.

సంచిలో ఎర్ర బూట్లు పెట్టాను. ఇక్కడి చెప్పులు కుట్టే ఆయన మెత్తటి తోలుతో కుట్టాడు. కాస్త పెద్దవే, శీతాకాలానికి సరిపోతాయి. ఎరుపెందుకంటే గడ్డిలో ఎంత దూరాన ఉన్నా కనపడుతుందని. గుడ్లగూబ ఈక కుట్టిన టోపీ కూడా ఉంది, అది దిష్టికి. చక్కెర గడ్డలు మీ అత్తగారికి. మా మరిదికి ఏమీ పంపలేదని అలగొద్దని చెప్పు.

ముడుల గురించి నన్నడిగితే ఏం చెబుతాను? నాకు గరిటె తిప్పడం తప్ప ఏం తెలుసు. రెండేళ్ళ నాటి సంగతి. అదంతా తవ్వుకోకు. తాడు మాత్రం కాస్త వదులు చెయ్యి, మరో అర బార. ఒక్క అర బారే.

ప్రేమతో
దామెలీ


ఏటి ఒడ్డు వేసవి మకాం
జులై 20

అక్కా,

మందా మేమూ క్షేమం. ఎర్ర బూట్లు అందాయి. ఒకదాని మడమ నాకింది, రెండోదాన్ని పెరుగు కుండలో వేసింది. కుండలోంచి తీసి కడిగి ఆరబెడితే బూటు గట్టిపడింది, పెరుగు బాగా తోడుకుంది. అత్తగారు ఆ పెరుగు తోడుకే దాచారు.

నువ్వు ముడి సంగతి రాయలేదు. రాస్తావనుకుని సంచి మొత్తం దులిపాను.

నాలుగు గుడారాల అవతలి దోల్గోర్ గుర్తుందిగా, ఉరియాంఖై తెగ ఆవిడ. పిల్లలకి తాడు కట్టడం నాకు నేర్పిందే ఆవిడ. మొన్న వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. “ఒసే బల్ఖియా, ఇది తాడా మొలతాడా? నా నలుగురినీ కట్టే పెంచాను. మేకపిల్లకైనా దీనికంటే పొడుగు వేస్తానే!” అంది. అత్తగారికి సందు దొరికింది. “మన కజక్‌లలో బంధం వేసేది గుర్రాలకి. నడక మొదలెట్టిన బిడ్డ కాళ్ళకి ఒక్కసారే వేస్తాం, అదీ కోసెయ్యడానికే. ఎప్పుడు నడుస్తుంది, ఎప్పుడు కోస్తాం?” అన్నారు. అత్తగారు ఆ బంధం కోసం నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ వడికి పెట్టుకుని కూర్చున్నారు. ఎవరి చేత కోయించాలో కూడా ఆలోచిస్తున్నారు. కోసిన మనిషి నడకే బిడ్డకు వస్తుంది కదా.

దీని ఈడు పిల్లలందరూ నడుస్తున్నారు. దోల్గోర్ మనవడు పదమూడు నెలలకే దూడ తోక పట్టుకుని తిరుగుతున్నాడు. మా పిల్ల మంచం కోడు వదలదు. వైద్య సహాయకుడు గుర్రం మీద వస్తే చూపించాను. మోకాళ్ళు వంచి చూసి, “కాళ్ళు నాకంటే బాగున్నాయి, ఏం భయం లేదు” అన్నాడు. భయం లేదనడం ఎంత తేలికో అందరికీ.

ఇంకో సంగతి, ఇది సంతోషంగా రాస్తున్నాను. స్నానం చేయించడానికి తాడు విప్పాను. ఒళ్ళు తుడిచి బట్టలు వేశాను, ఇంతలో టీ పొంగింది. లేచి గిన్నె దించి తిరిగి చూస్తే పిల్ల తలుపువైపు పాకుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. పట్టుకోబోయాను. ఇంతలో అదే ఆగింది. నేల మీది కంబళిలో ఎర్ర పువ్వు ఉంది చూడు, మనిద్దరం కుట్టినది. తాడు ఎప్పుడూ ఆ పువ్వు అంచుదాకానే అందుతుంది. సరిగ్గా అక్కడికి వెళ్ళి కూర్చుంది. తాడు లేదు అక్కా! వీపు వెనక చెయ్యి పెట్టి తడుముకుని, అక్కడే కూర్చుని, వేలు నోట్లో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పిల్లకు హద్దు తెలిసింది, ఇంక ఏరు దీన్ని తీసుకుపోలేదు అనుకున్నాను. అత్తగారికి చెబితే టీ గిన్నె అలాగే పెట్టేసి లేచారు. “పిల్లని పెంచుతున్నావా, గుంజ పాతుతున్నావా?” అని బయటికి వెళ్ళిపోయారు.

నేను చేసింది తప్పంటావా?

బల్ఖియా


ఉల్గీ పట్నం
జులై 30

బల్ఖియా,

నీ ఉత్తరం నిలబడి చదివాను. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను. పువ్వు అంచున కూర్చుని వీపు తడుముకుంటున్న పిల్లను తలుచుకుంటే ఈ ఎండలో కూడా ఒళ్ళంతా చలి పుట్టింది. నువ్వు సంతోషమని రాశావు. నాకు భయమేసింది. ఆ పిల్ల కాళ్ళు బాగానే ఉన్నాయి. నీ భయం దాని ఒంట్లోకి దిగిపోతోంది, అది మాత్రం బాగా లేదు.

విప్పెయ్యి. నువ్వు పక్కన ఉన్నంతసేపైనా విప్పు. బయట గడ్డిలో కూర్చోబెట్టు. నువ్వూ, మీ అత్తగారూ, కుక్కా, ముగ్గురు చుట్టూ కూర్చోండి. పిల్ల పడనీ, మన్ను తిననీ. పిల్లకు తుర్సిన్ అని పేరు పెట్టారు మీ అత్తగారు, ఈ బిడ్డైనా మన దగ్గర ఉండనీ అని. ఉండమంటే కదలకుండా ఉండమని కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి నేనెవరినని అడుగుతావు. అడుగు. నువ్వు అనుకుంటున్నట్టు ఆ రోజు ముడి

లారీ హారన్ కొడుతోంది, వాడికి ఒక్క నిమిషం ఓపిక లేదు. ఆ మాట కొట్టేశాననుకో. తాడు విప్పు, నా మాట విను.

దామెలీ


ఏటి ఒడ్డు వేసవి మకాం
ఆగస్టు 22

అక్కా,

ముడి గురించి అడిగితే చెప్పవు, తాడు గురించి అడక్కపోయినా చెబుతావు. ఆ రోజు ముడి అని మొదలుపెట్టి ఆపేశావు. నాకు తెలుసులే, ఏం రాయబోయావో. అది పిచ్చిముడే, చేతకాని ముడి. నా మొహాన అనలేక ఆగిపోయావు.

ఇక్కడ ఏం జరిగిందో విను. పదిరోజుల క్రితం ఎండు పెరుగుకి కాగు పొయ్యి మీద పెట్టాను. తలుపు దగ్గర ఉండలు ఆరబెడుతున్నాను, అంటే నాలుగడుగుల దూరం. మేకపిల్లొకటి నన్ను దాటుకుని లోపలికి దూకింది. కుక్క దాని వెంటపడింది. కాగు ఒరిగి మరిగే నీళ్ళు కంబళి మీదికి పారాయి. తుర్సిన్ చూసింది. పువ్వు అంచున కూర్చున్నదల్లా “మ్మా” అని నావైపు రాబోయింది. తాడు లాగి పట్టింది. మళ్ళీ రాబోయింది, మళ్ళీ లాగింది. నేను చేరేలోపు నీళ్ళు కుడి కాలి వేళ్ళ దాకా వచ్చాయి. మూడు వేళ్ళు బొబ్బలెక్కాయి. నెయ్యి రాశాను. వైద్య సహాయకుడు కట్టు కట్టాడు, మానుతుందన్నాడు. అప్పటినుంచి మీ మరిది నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అత్తగారు రెండు రోజులు దోల్గోర్ గుడారంలోనే ఉన్నారు.

నేను బాగా ఆలోచించాను. తాడు ఇంకో మూర తక్కువుంటే ఆ కాలు అక్కడిదాకా వచ్చేదే కాదు. అందుకని ఇప్పుడు ఒక బార చేశాను. రెండు తాళ్ళు వేశాను, ఒకటి ఊడినా రెండోది ఉంటుంది.

నాకు వినిపించేలాగే ఇక్కడ అందరూ నన్ను పిచ్చిదంటున్నారు. నువ్వు మాత్రం అనకు. నీకేం, నీకు పిల్లలు లేరు. ఆ ముడి వేసింది నువ్వు కాదు. తుర్సిన్ పుట్టినప్పుడు ఆసుపత్రికి వచ్చి కిటికీ అవతలే నిలబడ్డావు. ఎత్తుకోవే అంటే చేతులకి పిండి ఉందన్నావు. అక్కడ పిండెక్కడుంది అక్కా? దూరంనుంచి బూట్లు పంపేవాళ్ళకి భయమంటే ఏం తెలుసు.

సెప్టెంబరు మొదట్లో శరత్కాలం మకాంకి కదులుతాం.

బల్ఖియా


ఉల్గీ పట్నం
సెప్టెంబరు 1

బల్ఖియా,

ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి. మూడింటిని పొయ్యిలో వేశాను. ఎవరైనా పక్కనుండగా చదువు. వద్దు, ఒక్కదానివే చదువు. ఏం చెప్పాలో నాకే తెలియడం లేదు.

నీ ముడి ఊడలేదు. నేను విప్పాను.

నువ్వు వేసింది గుర్రానికి వేసే ముడి, రెండు మెలికలు తిప్పి బిగించావు. రాయిలా ఉంది. నువ్వు వెళ్ళిన కాసేపటికి ఆల్మాస్ ఏడుపు మొదలుపెట్టాడు. చూస్తే తాడు ఒరిసి నడుం చుట్టూ ఎర్రగా గీత పడింది. చొక్కా పైకెత్తి ఆ గీతను నాకు వేలుపెట్టి చూపించాడు. చూడలేకపోయాను. కాసేపు విప్పితే ఏమవుతుంది, నేను ఇక్కడే ఉన్నాను కదా అనుకున్నాను. ఆ ముడి ఎంతకీ రాలేదు. పళ్ళతో లాగాను, గోళ్ళతో లాగాను. నువ్వు గుడ్డ చింపి కట్టు కట్టిన గోరు అప్పుడు చీలిందే.

విప్పగానే వాడు గుడారం లోపలే చుట్టూ మూడుసార్లు పరిగెత్తాడు. గొర్రె మడమ ఎముకలు ఆటకి దాచుకునేవాడు కదా, వాటిల్లోంచి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు, విప్పినందుకు బహుమానంలా. అది ఇప్పటికీ నా దగ్గరుంది. తర్వాత నేను పెరుగు మూట పిండటానికి అటు తిరిగాను. ఒక్క మూట. రెండు చేతులూ తడి. తిరిగి చూస్తే వాడు లేడు. గుడారం వెనక చూశాను, దూడల దగ్గర చూశాను. ఏటివైపు ఆఖరున చూశాను. ముందే అటు చూసి ఉంటే ఏమయ్యేదోనని ఈ రెండేళ్ళలో ఆలోచించని రోజు లేదు.

పిడకలకు వెళ్ళానన్నది అబద్ధం. నేను లోపలే ఉన్నాను, వాడికి ఐదడుగుల దూరంలో.

అందరూ వచ్చాక మీ అత్తగారు తాడు ఎత్తి చూసి, “అయ్యో, ముడి ఊడిపోయిందే” అన్నారు. నువ్వు వెంటనే, “నేనే కట్టాను, నేనే కట్టాను” అని నెత్తి బాదుకున్నావు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి ఆ మాట నిజమైపోయి ఊరంతా తిరుగుతోంది. ఒక రోజు ఆగితే రెండో రోజు ఆగడం తేలికైంది. అమ్మ పోయాక నాకున్నది నువ్వొక్కతివే. నీకు తెలిస్తే నువ్వూ ఉండవని భయం. పట్నానికి పారిపోయింది అందుకే. నీ బిడ్డను ఎత్తుకోనిదీ అందుకే. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు.

నువ్వు ముడి మీద ముడి వేస్తున్నావని చదివి కూడా ఊరుకున్నాను. బూట్లు పంపి సరిపెట్టుకున్నాను. కానీ ఆ పిల్ల నీవైపు రాబోతే తాడు లాగిందని రాశావే, అదింక నేను మోయలేను. ఆ తాడు నువ్వు కట్టావు గానీ, కట్టించింది నేను.

నీ చేతుల్లో ఏ తప్పూ లేదు బల్ఖియా. ఆ ముడి అంత మంచి ముడి నేను చూడలేదు. అది తెలుసుకుని తుర్సిన్ తాడు విప్పు. ఈ సంగతి ఎవరికి చెప్పినా సరే, నన్నేమన్నా సరే.

దామెలీ


ఉల్గీ పట్నం
సెప్టెంబరు 28

బల్ఖియా,

మూడు లారీలు వచ్చాయి. నీ దగ్గరినుంచి ఏమీ రాలేదు. డ్రైవరుని అడిగితే, “చేతిలోనే పెట్టానక్కా. అక్కడే నిలబడి చదివింది” అన్నాడు. ఏమైనా అందా అంటే, “గొర్రెలకి నీళ్ళు పెట్టాలి అని వెళ్ళిపోయింది” అన్నాడు.

నాకు రాయొద్దు. పిల్ల కాలు మానిందో లేదో, అదొక్కటి డ్రైవరుతో చెప్పి పంపు.

దామెలీ


శరత్కాలం మకాం, సగ్సాయ్
అక్టోబరు 16

దామెలీ,

పిల్ల కాలు మానింది. చిటికెన వేలి గోరు మాత్రం ఇంకా రాలేదు.

నీ ఉత్తరం చదివి గొర్రెలకి నీళ్ళు పెట్టాను. సామాను మూటలు కట్టాను. టీ కాచాను. ఇవన్నీ చేస్తూ నిన్ను తిట్టిన తిట్లు రాస్తే నీ చెవులు ఊడిపోతాయి. రెండేళ్ళు, దామెలీ! రెండేళ్ళు నా చేతుల్ని నేను అసహ్యించుకున్నాను. వాటితో బిడ్డకు పాలు పట్టేటప్పుడు కూడా. ఒక్క మాట చెప్పి ఉంటే, వాడు తిరిగి రాకపోయినా, నేను బతికి ఉండేదాన్ని. ఏట్లో పారేద్దామని ఉత్తరం తీసుకుని ఒడ్డుకు వెళ్ళాను. ఆ ఏటికి ఇంకేమీ ఇవ్వబుద్ధి కాక వెనక్కి తెచ్చాను.

మూడు రోజుల తర్వాత ఆయనకీ అత్తగారికీ చదివి వినిపించాను. ఆయన బయటికి వెళ్ళి గుర్రం పక్కన చాలాసేపు నిలబడ్డారు. అత్తగారు మాత్రం, “ముడి ఊడిందని ముందు అన్నది నేను కదా. మాటకి ముడి నేనే వేశాను” అని కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత పిల్లను నా ఒళ్ళో కూర్చోబెట్టి, వీపు నావైపు తిప్పి, “విప్పు” అన్నారు.

నీ మీద కోపం పోయి విప్పలేదు. నా ముడి ఊడేది కాదని తెలిశాక, మళ్ళీ మళ్ళీ వేసి చూసుకోవాల్సిన పని చేతులకి లేకపోయింది, అంతే. రెండు తాళ్ళూ విప్పడానికి నాకూ గోరు నొప్పి పుట్టింది.

పిల్ల పువ్వు అంచుదాకా వెళ్ళి కూర్చుంది. రోజూ అంతే. ఈ మకాంకి వచ్చాక ఆ కంబళి పరవలేదు, చుట్టి గోడవారగా పెట్టాను. పువ్వు కోసం వెతికి వెతికి ఎక్కడ ఆగాలో తెలియక ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. తొమ్మిదో రోజున ముసలి కుక్క లోపలికి వచ్చింది. దాని మెడ బొచ్చు పట్టుకుని లేచింది. కుక్క కదిలింది, ఇదీ కదిలింది. కుక్కకు కాళ్ళు నొప్పులు కదా, తలుపు దగ్గర కూలబడింది. పిల్ల నిలబడే ఉంది, చేతిలో ఏమీ లేకుండా. నేను లేవబోతే అత్తగారు నా చొక్కా వెనకనుంచి పట్టి లాగారు. “కూర్చోవే. పడితే లేస్తుంది.” నాలుగడుగులు వేసింది. పడింది. లేచి, మా ఇద్దరినీ చూసి, గడప దాటింది.

ఇప్పుడు రోజంతా నడకే. ఎర్ర బూట్లేసుకుని దూడలకు ఎదురు పోతుంది. నిన్న కోడిపుంజులా గొర్రెల మందలోకి వెళ్ళి మధ్యలో నిలబడి కేకలేసింది. ఇక్కడ ఏరు లేదు, చీలమండ లోతు ఊట ఉంది. అయినా రోజుకు వందసార్లు చచ్చి బతుకుతున్నాను. తాడు ఉన్నప్పుడు ఒకే భయం ఉండేది, ఇప్పుడు అడుగుకో భయం. కానీ అది నావైపు వస్తే మధ్యలో లాగేది ఏదీ లేదు.

వచ్చే ఆదివారం కాళ్ళ బంధం కోస్తున్నాం. ఎవరి చేత కోయిద్దామని కూర్చున్నాం. మా బృందంలో పాలు పితికే పందెం గెలిచిన ఆవిడను పిలుద్దామన్నారు ఆయన. “నా నడకకేం తక్కువ? నలభై ఏళ్ళుగా ఈ కొండలెక్కుతున్నా” అంది దోల్గోర్. నేను నీ పేరు చెప్పాను.  దోల్గోర్ టీ గిన్నె కింద పెట్టేసింది.

నిన్ను క్షమించానని రాస్తే అది అబద్ధం, మనింట్లో అబద్ధాలు ఇక చాలు. కొన్ని పొద్దుల్లో నీ పేరు తలచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. ఇంకెన్నాళ్ళు మండుతుందో తెలియదు. కానీ నా కాళ్ళ బంధం నీ చేత కోయించానని అమ్మ ఎన్నిసార్లు చెప్పేది. పెద్దవాళ్ళంతా నవ్వారట, తొమ్మిదేళ్ళ పిల్లకి కత్తి ఇచ్చావేంటని. పరుగులో దాన్ని పట్టేవాళ్ళు లేరు, నా చిన్నదానికి ఆ కాళ్ళే కావాలి అందట. నా నడక నీదే. దాన్ని ఎక్కడ పారేయను?

ఇంకొకటి కూడా ఉంది, ఎవరితోనూ అనలేదు. ఆ రోజు వాడి ఏడుపు నాకూ వినిపించింది. గుర్రాల దగ్గరినుంచి విన్నాను. అలవాటేలే అనుకుని పని చేసుకున్నాను. నువ్వు విని ఊరుకోలేకపోయావు. మనిద్దరిలో ఎవరి తప్పు ఎంతో తూచడం నావల్ల కాదు.

శనివారం లారీ ఎక్కి రా అక్కా. నాకు భయంగా ఉంది, నీకూ ఉంటుంది. ఆ మడమ ఎముక కూడా తీసుకురా. పిల్లను ఎత్తుకో, చేతికి పిండి ఉన్నా సరే. నల్ల దారం, తెల్ల దారం పేని ఉంచాం. కాళ్ళకు ముడి నేను వేస్తాను, గట్టిగానే వేస్తాను. మంచి కత్తి తెచ్చుకో, గోళ్ళతో వద్దు.

ఈసారి నేను చూస్తుండగా విప్పు.

నీ చెల్లెలు
బల్ఖియా